బెయిల్ బాబాయి చదివిన అభిప్రాయం

కోర్టులో అందరూ ఆయన్ని బెయిల్ బాబాయి అనేవారు. ఎంతటి ముష్కరుణ్ణయినా పొద్దుగూకేలోపు ఇంటికి చేరుస్తాడని పేరు. కొత్త చట్టాల ముసాయిదాల మీద లా కమిషన్ అభిప్రాయాలు కోరినప్పుడల్లా న్యాయవాదుల సంఘం తరఫున జవాబు రాసేదీ ఆయనే. ఆ జవాబు ఎప్పుడూ ఒకటే: వ్యతిరేకిస్తున్నాం. ముసాయిదా చదవడం తర్వాతి సంగతి.

ఈసారి ముసాయిదాలో, భార్యను కొట్టినవాడికి బెయిల్ ఇచ్చేముందు ఆమె మాట కూడా వినాలని ఒక సెక్షన్ ఉంది. బాబాయి అలవాటుగా దాన్నీ కొట్టిపారేశాడు. ఆ వారమే, భార్యను కొట్టి జైల్లో పడ్డ మాంసం కొట్టు క్లయింటు ఒకడికి, ఆమెను ఎవరూ ఏమీ అడక్కుండానే బెయిల్ తెచ్చాడు.

వాడు కొట్లో కత్తి తీసుకుని తిన్నగా కోర్టు వరండాకే వచ్చాడు. మనోవర్తి కేసు కోసం బెంచీ మీద కూర్చున్న భార్యను జుట్టు పట్టి ఈడ్చి, దవడ నుంచి మెడ దాకా కోశాడు. అడ్డం వెళ్ళిన బాబాయి ముంజేతిలో దిగిన కత్తి ఎముకకు తగిలి ఆగింది.

"తప్పుకోండి సార్, మీతో నాకేం పేచీ లేదు" అన్నాడు వాడు మర్యాదగానే.

ఆమె బతికింది. ఆస్పత్రిలో బాబాయిని చూసి, కట్ల మధ్య నుంచి గొంతు పెగల్చుకుని అడిగింది.

"మళ్ళీ బయటికి తెస్తారా వాణ్ణి?"

"నేను తేనమ్మా."

"మీరు కాకపోతే ఇంకొకరు. అప్పుడైనా నన్నడుగుతారా?"

బాబాయి సంఘం సమావేశంలో లేచి, ఆ సెక్షన్‌ను సమర్థిద్దామన్నాడు. అక్కడ తీర్మానాలకు చేతులెత్తరు, బల్లలు బాదుతారు. ఎవరి మోత ఎక్కువైతే వాళ్ళదే గెలుపు. బాబాయికి పనిచేసేది ఒంటి చెయ్యి.

"ఆ సెక్షన్ వస్తే మన కుర్ర లాయర్లు ఏం తినాలి బాబాయ్?" అన్నాడు అధ్యక్షుడు.

"ఇప్పుడు తింటున్న గడ్డే తినమను."

కుర్చీ ఒకటి గాల్లోకి లేచింది. ఎవరో కాలర్ పట్టుకున్నారు, ఇంకెవరో కట్టు పట్టుకుని లాగారు. కుట్లు తెగి, ముసాయిదా కాగితాల మీద నెత్తురు కారింది. చివరికి వ్యతిరేకత అలాగే ఉండిపోయింది. కొత్తగా ఒక పేరా మాత్రం చేరింది: న్యాయవాదులకు రక్షణ కల్పించాలి. మెడ కోయించుకున్న మనిషి ఊసు అందులో లేదు.

"కమిషన్ ముందుకి నువ్వే వెళ్ళాలి" అన్నాడు అధ్యక్షుడు, ఏమీ జరగనట్టే. "ఆ కట్టు చూస్తే రాయైనా కరుగుతుంది. రాసింది చదువు, చెయ్యి చూపించు, వచ్చెయ్."

బాబాయి వెళ్ళాడు. రాసింది రాసినట్టు చదివాడు. అది సంఘం మాట, మింగే హక్కు తనకు లేదు. చెయ్యీ చూపించాడు.

"ఎవరు పొడిచారు?" అని అడిగింది కమిషన్ అధ్యక్షురాలు.

"నా క్లయింటు. భార్యను కొట్టి జైలుకెళ్ళినవాడు."

"జైల్లో ఉండాల్సినవాడు బయటికెలా వచ్చాడు?"

వెనక వరసలో సంఘం అధ్యక్షుడు గట్టిగా దగ్గాడు.

"నేనే తెచ్చానమ్మా. భార్యను ఒక్క మాట అడిగి ఉంటే తేలేకపోయేవాణ్ణి."

"మరి మీ సంఘం ఈ సెక్షన్‌ను ఎందుకు వ్యతిరేకిస్తోంది?"

"అందుకేనమ్మా."

వెనక నుంచి విసిరిన గాజు గ్లాసు ఆయన చెవి పక్కగా వెళ్ళి గోడకు భళ్ళున పగిలింది. బాబాయి తల తిప్పలేదు.

"దీన్ని కూడా సంఘం అభిప్రాయం కిందే రాసుకోండి" అన్నాడు.