ఘనపురం మలుపు దగ్గర నిలబెట్టిన మనిషి

మొన్న ఆదివారం పొద్దున మా అల్లుడు ఇంటి ముందు బండి ఆపి, హెల్మెట్ కూడా తీయకుండానే, వాళ్ల రైడింగ్ గ్రూపుకు తనను కెప్టెన్‌ను చేశారని ఛాతీ విరుచుకుని చెప్పాడు. గ్రూపు పుట్టి మూడు వారాలు, అందులో ఒకరి ముఖం ఒకరు చూసుకున్నది రెండే రెండుసార్లు, అయినా పన్నెండు బండ్లను ములుగు అడవుల దాకా తనే నడిపించుకు పోవాలట. "మామా, మీరు గూడ అప్పట్ల లీడర్‌గ పోయేటోళ్లట గద, జర ఏమన్న చెప్పుండ్రి" అన్నాడు. టైర్లలో గాలి చూసుకోమని చెప్పి లోపలికి వచ్చేశాను. నేను చెప్పవలసింది గాలి సంగతి కాదు, కాని అల్లుడి ముందు విప్పుకునే ముచ్చట కాదది. మీకైతే చెప్పవచ్చు. మీరు నా ఈడు వాళ్లు, మీరూ ఎవరినో ఒకరిని ఎక్కడో ఒకచోట వదిలేసి వచ్చే ఉంటారు.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. హనుమకొండలో ఒక సర్కారు ఆఫీసులో గుమస్తా పని, అక్కడ స్విచ్చి వేస్తే తిరిగే ఫ్యాను తప్ప నా మాట వినే ప్రాణి లేదు. అప్పు చేసి ఒక సెకండ్ హ్యాండ్ మోటారు సైకిలు కొన్నాను. పెట్రోలులో ఆయిలు కలిపి పోయించుకునే రోజులు మీకు గుర్తుండే ఉంటాయి, ఆ నీలిరంగు పొగ వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నేను తల తిప్పి చూస్తాను. చౌరస్తా వెనక గల్లీలో ఒక మెకానిక్ అన్న షెడ్డు ఉండేది. ఆదివారం బండి కడిగించుకోవడానికి వచ్చి, ప్లగ్గు శుభ్రం చేసేదాకా బల్ల మీద కూర్చుని చాయ్ తాగుతూ నలుగురం పరిచయమయ్యాం. ఒకాయన జూనియర్ కాలేజీ లెక్చరర్, ఇద్దరు వరంగల్ బట్టల బజారులో దుకాణం నడిపే బావా బామ్మర్దులు, నేను నాలుగో వాణ్ని. రెండో వారానికే కలిసి ఎటైనా పోదామనుకున్నాం, మూడో వారానికి నేను లీడర్‌నైపోయాను. ఎవరూ ఎన్నుకోలేదు, ముందు నా బండే స్టార్టయింది, అంతే.

లీడర్‌నయ్యాక నేనొక పద్ధతి పెట్టాను. దారిలో మలుపు వచ్చినప్పుడల్లా నేను ఎడమ చెయ్యి కిందికి చాపి చూపిస్తాను. నా వెనకనే ఉన్న మనిషి అక్కడ బండి ఆపి, చివరి బండి వచ్చి మలుపు తిరిగేదాకా కదలకుండా నిలబడాలి, అందరూ దాటాక తోక చివర చేరాలి. తరువాతి మలుపుకు అప్పుడు నా వెనక ఉన్నవాడి వంతు. సెల్‌ఫోన్లు లేని ఆ కాలంలో ఎంత దూరం పోయినా ఒక్కరు తప్పిపోయే వీలు లేకుండా ఉండేది. నేను వెనక్కి తిరిగి చూడవలసిన పని కూడా లేదు, చెయ్యి చాపితే చాలు, ఒక ఎదిగిన మనిషి బండి ఆపి ఎండలో నిలబడిపోయేవాడు. ఆఫీసులో ఒక ఫైలును ఈ బల్ల నుంచి ఆ బల్లకు కదిలించలేనివాడికి అది ఎంత కిక్కు ఇస్తుందో ఊహించుకోండి.

అలాంటి మా మధ్యలోకి, మేము కాక అని పిలిచే పెద్దాయన వచ్చి పడ్డాడు. మార్కెట్ యార్డులో వడ్లూ మక్కలూ కాంటా వేసే పని ఆయనది, యాభైకి దగ్గర పడిన మనిషి, ఆకుపచ్చ స్కూటరు. మమ్మల్ని షెడ్డులో చూసి చూసి ఒక రోజు తనంతట తానే, నేను గూడ వస్త బిడ్డా అన్నాడు, కాదనడానికి ఎవరికీ నోరు రాలేదు. ఆదివారం చర్చికి తప్పకుండా పోయే మనిషి, మా కోసం తెల్లవారుజాము ప్రార్థనకే పోయి వచ్చేవాడు. చర్చికి వేసుకున్న తెల్ల చొక్కా మీదనే స్వెటరు తొడుక్కుని, నెత్తికి తువ్వాల చుట్టుకుని తయారుగా ఉండేవాడు. వేగం యాభై దాటితే ఆయన స్కూటరు వణికేది, నలభై దాటితే ఆయనే వణికేవాడు. మేము ఎక్కడికి పోయినా చివర వచ్చేది ఆయనే, వచ్చీ రాగానే అందరొచ్చిండ్రా అని తలకాయలు చూసుకునేవాడు, తన కోసమే అందరం అరగంటగా నిలబడి ఉన్నామన్న ధ్యాస లేకుండా.

నా పద్ధతి మీద మాత్రం ఆయనకు ఎంత గౌరవమో చెప్పలేను. మలుపు దగ్గర మా వాడెవడో నిలబడి కనిపిస్తే, దేవదూత కనిపించినంత సంబరంగా చెయ్యి ఊపుతూ తిరిగేవాడు. మలుపు దగ్గర ఆగినవాడు కూడా ఆయనను దాటేసి పోయేవాడు, ఎప్పుడూ తోకలోనే ఉండే మనిషికి నా వెనక స్థానం ఎలా వస్తుంది, అందువల్ల మలుపు దగ్గర నిలబడే వంతు ఆయనకు ఒక్కసారీ రాలేదు. ఒకనాడు నన్ను పక్కకు తీసుకుపోయి, "బిడ్డా, ఒక్కపారి నన్ను గూడ మలుపుకాడ నిలవెట్టు, నేను గూడ పనికొస్తనని వీళ్లకు ఎర్కయితది" అని అడిగాడు. సరే కాకా అన్నాను. ఆ సాయంత్రమే ఆయన లేనప్పుడు ఆ మాటను ఆయన గొంతుతోనే చేసి చూపించి ముగ్గురినీ నవ్వించాను.

ఈ లోపల మా వాళ్లలో గొణుగుడు మొదలైంది. కాకను వెంటేసుకుంటే ఎడ్లబండి యాత్రలా ఉందని లెక్చరర్ అంటే, లీడర్‌కు చేతకాకపోతే మా బావను చేద్దామని బామ్మర్ది నా ముఖం మీదే అన్నాడు. అది నాకు ఎక్కడో తగిలింది. ఆ నాలుగు బండ్ల ముందు నడిచే చోటు పోతే నాకు మళ్లీ మిగిలేది ఆ ఫ్యానే. కాకను ఇక రావద్దని ముఖం మీద చెప్పే ధైర్యం లేదు, ఆయనే విసుగెత్తి మానుకునేలా చేద్దామన్న తెలివి మాత్రం పుట్టింది. నా తెలివే అది, మిగతా ముగ్గురు విని చంకలు గుద్దుకున్నారు, అంతే వాళ్ల పాపం.

మార్చి నెల చివరి ఆదివారం, పాలకుర్తి గుట్టకు ప్రయాణం. కాజీపేట దాటగానే కాకను పిలిచి, ఇయ్యాల నువ్వే నా వెనక, ఘనపురం మలుపు నీదే అన్నాను. ఆయన ముఖం చూడవలసింది మీరు. మడికొండ నుంచి ఘనపురం దాకా నేను నలభై దాటకుండా బండి నడిపాను, నా అద్దంలో ఆ తెల్ల తువ్వాల ఒక్కటే నిండుగా కనిపిస్తూ వచ్చింది, దాని వెనక ముగ్గురు నవ్వు ఆపుకోలేక అటూ ఇటూ ఊగుతున్నారు. పెద్ద రోడ్డు మీది నుంచి పాలకుర్తికి ఎడమకు తిరిగే చోట చెయ్యి కిందికి చాపాను. కాక వెంటనే ఆపి స్కూటరును స్టాండు మీద ఎక్కించాడు. నేను బండి దిగకుండానే, కాజీపేట నుంచి కొత్త పిలగాడొకడు ఎర్ర బండి మీద వెనక వస్తున్నాడు కాకా, వానికి తొవ్వ తెల్వదు, వాడు వచ్చేదాకా కదలకు అని చెప్పాను. అలాంటి పిలగాడు లేడు, అలాంటి బండీ లేదు. ముగ్గురూ ఆయన ముందు నుంచి మలుపు తిరిగిపోయారు, బామ్మర్దైతే మిలిటరీ వాడిలా సెల్యూట్ కూడా కొట్టాడు. కాక నవ్వుతూ తిరిగి సెల్యూట్ కొట్టాడు.

నిజం చెప్పాలంటే మేమంతా కలిసి తిరిగిన దినాల్లో అంత హాయిగా గడిచింది మరొకటి లేదు. ఏదైనా శాస్తి జరిగి ఉంటే చెప్పుకోవడానికి బాగుండేది, ఒక్క టైరు కూడా పంక్చరు కాలేదు. గుట్ట ఎక్కి దర్శనం చేసుకున్నాం, కిందికి దిగి తాటివనంలో కల్లు తాగాం, వెంట తెచ్చుకున్నది తిని చెట్ల కింద పడి నిద్రపోయాం. పన్నెండింటికల్లా అదే దారిన వెనక్కి పోయి కాకను చూసి నవ్వుకుందామన్నది మొదటి ఆలోచన. మూడు గంటలకు లేచిన తర్వాత బావ, జఫర్‌గఢ్ మీదుగా వర్ధన్నపేట పోదాం, అటు ఎండ తక్కువ అన్నాడు. లెక్చరర్ ఒక్కడు, మరి కాక అన్నాడు. అందరూ నా వైపు చూశారు, లీడర్‌ను గదా. ఆయన ఇంకా ఉంటాడా, ఎప్పుడో ఇంటికి పోయి పడుకుని ఉంటాడు అన్నాను. ఆ మాట అన్నప్పుడు అది నిజం కాదని నాకు తెలుసు. నా పద్ధతిని నాకంటే గట్టిగా నమ్మింది ఆయనొక్కడే.

మరునాడు సాయంత్రం కాక షెడ్డుకు వచ్చాడు. ముఖం నల్లగా కమిలిపోయింది, పెదవులు పగిలి ఉన్నాయి, గొంతు సరిగ్గా పెగలడం లేదు. మేము నలుగురం బల్ల మీదే ఉన్నాం. తిడతాడేమోనని నేను మాటలు సిద్ధం చేసుకుంటుంటే, ఆయన నేరుగా నా దగ్గరికి వచ్చి, "ఆ ఎర్రబండి పిలగాడు రాలే బిడ్డా. పొద్దుగూకేదాక చూసిన. యాడన్న పడ్డడేమోనని తొవ్వపొడుగుత అడుక్కుంట వచ్చిన, రాత్రి పెద్ద దవాఖానల గూడ చూసిన, గసొంటోడు ఎవ్వరు రాలేదన్నరు" అన్నాడు. మెకానిక్ అన్న చేతిలో పానా ఆగిపోయింది. అప్పుడైనా నిజం చెప్పవచ్చు. నేను మాత్రం ఆ లేని పిలగాడికి జ్వరం తెప్పించాను, వాడు ఇంట్లోంచే బయలుదేరలేదట కాకా అన్నాను. "మంచిగున్నడు గద, గంతే సాలు" అని ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. అది చూసి బామ్మర్దికి నవ్వు ఆగలేదు. ఒకడు నవ్వితే మిగతావాళ్లు ఆగుతారా?

కాక మమ్మల్ని ఒక్కొక్కరినే చూశాడు. నన్ను చివరగా చూసి, "ఉత్తదేనా?" అన్నాడు. నేను తల పక్కకు తిప్పుకున్నాను. ఆయన తిట్టలేదు, శాపం పెట్టలేదు, పోయి స్కూటరు కిక్కు కొట్టాడు. అది స్టార్ట్ కాలేదు. నాలుగు సార్లు, ఐదు సార్లు కొట్టాడు, కాలు జారి బండ్లు కడిగిన బురదలో పడింది, మేము నలుగురం అలాగే కూర్చుని చూశాం. చివరికి మెకానిక్ అన్న లేచి పోయి, ఆయనను పక్కకు జరిపి, స్టార్ట్ చేసి ఇచ్చాడు. కాక మళ్లీ ఆ షెడ్డుకు రాలేదు.

పైవారం నలుగురం పాకాలకు బయలుదేరాం. నలభై దాటని కాక లేడు గనక ఎగురుకుంటూ పోతామనుకున్నాం. నర్సంపేటలో మలుపు దగ్గర చెయ్యి చాపాను, లెక్చరర్ ఆగాడు. ఫర్లాంగు దూరం పోయి అద్దంలో చూద్దును గదా, నా వెనకనే వస్తున్నాడు. ఏమిటని ఆపి అడిగితే, "నువ్వు నిలవడుమంటే నిలవడనీకి నేనేమన్న కాకనా?" అన్నాడు నవ్వుతూ. వెనక ఉన్న బామ్మర్ది దారి తప్పి ఎటో పోయాడు, వాణ్ని వెతికేసరికి మధ్యాహ్నమైంది. తరువాతి మలుపుకు బావను నిలబెట్టబోతే, ఎర్రబండోడు ఎవడన్న వస్తుండా అని అడిగాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, కాని ఆ నవ్వులో భయం ఉంది. కాకను అలా చేసినవాడు రేపు తమను చేయడని ఏముంది? నన్ను ఎవరూ తీసెయ్యలేదు. నేను చెయ్యి చాపితే ఆగేవాళ్లు లేకుండా పోయారు, అంతే. రెండు నెలల్లో ఎవరి దారి వారిదైంది.

కొన్నాళ్లకు ఆఫీసు పని మీద ఒక్కణ్నే జనగామ పోతూ ఆ ఘనపురం మలుపు దగ్గరి చాయ్ హోటల్లో ఆగాను. హోటలమ్మ నా బండి గుర్తుపట్టి, ఆనాడు తెల్లతువ్వాల సారును నిలబెట్టి పోయింది మీరే గదా అంది. నేను అవునని కాదని చెప్పేలోపలే ఆమె చెప్పుకుపోయింది. "నీడకు రా సారూ అంటే రాకపాయె. కొత్త పిలగాడట, బండి కనవడకపోతే తొవ్వ తప్పుతడట. చాయ్ గూడ రోడ్డు మొఖాన నిలవడే తాగిండు. అచ్చేటోళ్లకు పోయేటోళ్లకు అందరికి చెప్పిండు, మా లీడరు ఇయ్యాల నన్ను నిలవెట్టిండని." చాయ్ సగంలో వదిలేసి లేచాను. తిరుగు ప్రయాణంలో మార్కెట్ యార్డు గేటు దాకా పోయాను కూడా. లోపల కాంటా దగ్గర కాక గొంతు వినిపించింది, తూకం చదువుతున్నాడు. సిగ్గేసింది. ఇంకో రోజు వద్దామనుకున్నాను. ఆ ఇంకో రోజు రాకుండానే ఆయన స్కూటరు అమ్మేశాడని, కొన్నేళ్లకు ఆయనే పోయాడని విన్నాను.

ఇప్పుడు ఆ రోడ్డు నాలుగు వరుసలైంది, హోటలూ లేదు, మలుపూ ఆనాటి మలుపు కాదు. దారి చెప్పడానికి మనిషితో పని లేదు, ఎవరు ఎంత వెనకబడ్డా ఫోను ఇంటికి చేర్చేస్తుంది, అది మంచిదే. మన కాలంలోనే మనుషులు మంచివాళ్లని మాత్రం నా దగ్గర అనకండి, నేను ఆ కాలం వాణ్నే. ఆ తర్వాత నేను ముప్పై ఏళ్లు బండి నడిపాను, తెలియని దారుల్లో ఎన్నో మలుపులు తిరిగాను. నా మాట మీద ఎండలో నిలబడే మనిషి నాకు మళ్లీ దొరకలేదు.