రేవులో ఎర్రగడ్డం

"ఈ ఎర్రగడ్డం చచ్చాడో బతికాడో! ఒక్కనాడన్నా వేళకి కూడు తిన్నాడా?"

ఇటలీలో అద్దా నది రేవులో అంబలి కుండ పట్టుకుని నిలబడిన రికెల్దా ఆ మాట అన్నది మొగుణ్ణే. పడవ నడిపే లాన్‌ఫ్రాంకోకు మీసం మొలిచిన నాటి నుంచీ ఊరు పెట్టిన పేరది. ఏం లాభం? జర్మనీ నుంచి దండెత్తి వచ్చి మిలాను నగరాన్ని నేలమట్టం చేసిన చక్రవర్తికీ ఆ సీమలోని లొంబార్డు జనం అదే పేరు తగిలించారు. ఆమె వెనకే ఆ చక్రవర్తి దళవాయి గుర్రానికి నీళ్లు పెడుతున్నాడు. వాడికి ఊరివాళ్ల భాష బాగానే వచ్చు.

"ఎవరే చచ్చేది?" అంటూ ఆమె జుట్టు పట్టుకున్నాడు.

"మా ఆయన, దొరా! ఎర్రగడ్డమంటే మా ఆయనే!"

"చూపించు. అబద్ధమైతే నాలుక కోయిస్తా."

బట్టలుతికే ఆడవాళ్లు తలలు దించుకున్నారు. ఔనంటే, చక్రవర్తి పేరు పడవవాడికి పెట్టిన నేరం తమ మెడకూ చుట్టుకుంటుంది.

ఇంతలో పడవ ఒడ్డుకు తగిలింది. లాన్‌ఫ్రాంకో గడ్డం నున్నగా గొరిగించుకుని దిగాడు. దండు వచ్చిందని విని, పేరు పోతే ప్రాణం దక్కుతుందనుకున్నాడు పిచ్చి మారాజు.

"ఇదేనా ఎర్రగడ్డం?" దళవాయి కత్తి దూశాడు.

"పొద్దున్నదాకా ఉంది దొరా!" లాన్‌ఫ్రాంకో మోకాళ్ల మీద పడ్డాడు.

"దీని నోరు తెరిపించండ్రా" అన్నాడు దళవాయి రికెల్దాను చూపిస్తూ, వెంట వచ్చిన భటులతో.

అప్పుడు అవతలి ఒడ్డు నుంచి బాతులమ్మే ముసలి బెర్తా కేకేసింది.

"ఒరే ఎర్రగడ్డం! పడవ తేరా, నీ పాడె గట్టా! ఎంతసేపు నిలబడాల్రా?"

"వస్తన్నానే, ముసలి పీనుగా!"

ఏళ్ల తరబడి అలవాటు. కత్తి కింద ఉన్న సంగతే మరిచి అరిచేశాడు.

దళవాయి అవతలి ఒడ్డుకేసి, మోకాళ్ల మీదున్న మనిషికేసి చూశాడు. నవ్వలేదు గానీ రికెల్దా జుట్టు వదిలేశాడు.

"ఇంకోసారి ఆ పేరు వినపడిందా, పిలిచినవాళ్ల నాలుకా, పలికినవాడి నాలుకా రెండూ తెగుతాయి" అని గుర్రమెక్కాడు.

లాన్‌ఫ్రాంకో లేచి పడవ నీళ్లలోకి తోశాడు. రికెల్దాకు ఏడుపు తన్నుకొచ్చింది. వాడంటే ఇంత ప్రేమ ఉందని ఆమెకే తెలియదు. ఒక్కసారి వెనక్కి పిలవాలనిపించి, జ్ఞానస్నానంనాడు పెట్టిన పేరు కోసం కాస్త తడుముకుంది.

"లాన్‌ఫ్రాంకో!"

అతను తిరిగి చూడలేదు. ఎవరినో పిలుస్తోందనుకున్నాడు.