రికార్డింగులో గడియ చప్పుడు

నేను చెప్పిన డచ్ వాక్యాన్ని ఫోన్‌లో మళ్లీ పెట్టుకుని వింటుంటే, నా గొంతు వెనక తలుపు కింది గడియ తీసిన చప్పుడు వినిపించింది. మూడేళ్ల బాబు ఇంట్లో లేడు.

మా ఆయన నెదర్లాండ్స్‌లో ఓడలు కట్టే చోట వెల్డర్. నేను డచ్ పరీక్ష గట్టెక్కితేనే పిల్లలతో ఆయన దగ్గరికి వెళ్లగలను. ఆన్‌లైన్ టీచరుకు రోజూ సాయంత్రం ఐదు వాక్యాలు రికార్డు చేసి పంపాలి. ఆ రోజు పాఠం "నిన్న నేను కొన్న రొట్టె" లాంటి మాటలు. మనం వివరమంతా చెప్పి చివరికి రొట్టె దగ్గరికొస్తాం. వాళ్లు ముందే 'హెట్ బ్రోట్' అని రొట్టెను చెప్పేస్తారు. తర్వాత 'దాట్' తగిలించి, నేను, నిన్న, అన్నీ చెప్పాక, కొన్న సంగతిని చివర పెడతారు. కాలేజీ ఇంగ్లీషు అలవాటు కొద్దీ నేను ఆ క్రియను ముందుకు లాగేసేదాన్ని. అదే వాక్యం ఎనిమిదోసారి చెబుతున్నాను.

పిల్లల గొంతు పడితే మళ్లీ మొదలుపెట్టాలి. అందుకే అమ్మ ఫోన్ పట్టుకుంటే మాట్లాడకూడదని ఆరేళ్ల పాపకు నేనే నేర్పాను. ఆ ఎనిమిదోసారి అది వచ్చి నా చున్నీ లాగింది. మాట్లాడకుండా తలుపు వైపు చెయ్యి చూపింది. ఆ చేతిని తోసేశాను. వాక్యం మాత్రం తప్పు లేకుండా వచ్చింది.

రికార్డింగులో ఆ చప్పుడు వినగానే చెప్పుల్లేకుండా పరిగెత్తాను. పాప నా వెనకే వచ్చింది. మా ఫ్యాక్టరీ క్వార్టర్ల సెక్టర్ 6లో షిఫ్టు వదిలే వేళ, రోడ్డంతా మోటార్‌సైకిళ్లు. ఎదురు క్వార్టర్ ఆంటీ బాబును చంకనేసుకుని వస్తోంది.

"ఏటమ్మా, గుంటడ్ని రోడ్డు మీద ఒగ్గీసి ఏటి సేస్తన్నావు? బండోడు బ్రేకెయ్యకపోతే ఏటయ్యేది?"

"వీళ్లక్కని చూడమన్నాను ఆంటీ. దీనికి బొత్తిగా ధ్యాన్ లేదు."

చూడమని నేను చెప్పనే లేదు.

"ఆరేళ్ల గుంటకి డ్యూటీ ఏసినావా? బాగుంది తల్లీ! ఓటీ కూడా ఇస్తావేటి?"

పాప ఏడవలేదు. భోజనాల వేళ వీడియో కాల్‌లో వాళ్ల నాన్నకు, బడిలో అలవాటైన హిందీలో, తనే చెప్పింది: "పాపా, మేరీ గల్తీ సే బాబు బాహర్ చలా గయా." తన తప్పు వల్లే బాబు బయటికెళ్లిపోయాడట. ఇంకెప్పుడూ అలా చేయొద్దమ్మా అన్నారాయన. నేను పక్కనే ఉన్నాను. ఇద్దరు పిల్లల్ని చూసుకోలేకపోతున్నానని ఆయన అనుకుంటారేమోనని నోరు మెదపలేదు.

పొద్దున్న పాలు తాగుతున్న ఇద్దరి ముందూ కూర్చున్నాను. "నిన్న అక్క తప్పేటీ లేదు. అక్క చూపించింది, నేనే చూడలేదు. ఆంటీకి అబద్ధం చెప్పినాను, నాన్న ముందు ఊరుకున్నాను. నాన్నకి సాయంత్రం చెబుతాను. పదండి, ముందు ఆంటీకి చెప్పొద్దాం."