ఊపిరి బిగపట్టారా?

మా గాల్వే ఊళ్లో వాన పడని రోజైనా దొరుకుతుందేమో గానీ, కోల్మన్ హెరిటీ గొప్పలు చెప్పుకోని రోజు దొరకదు. గుండె నాళాల్లోకి పంపే సన్నటి బెలూన్ గొట్టాలు చేసే ఫ్యాక్టరీలో, వాటికి గాలి పట్టించి ఎక్కడైనా లీకవుతున్నాయేమో చూడటం అతని పని. నిజానికి చూసేది మిషన్, మీటలు నొక్కేది కోల్మన్. ఈ మాట అతని ముందు అనకూడదు.

ఆ మిషన్‌ని నడిపే పాత సాఫ్ట్‌వేర్ మహా పెంకిది. ‘సరే’ అని నొక్కితే రద్దయ్యేది, ‘రద్దు’ అని నొక్కితే మొదటికొచ్చేది. దాన్ని దారికి తెచ్చేవాడు కోల్మన్ ఒక్కడే. అందుకే రాత్రి షిఫ్టు అతని జోలికి రాలేదు, సముద్రం కనిపించే కిటికీ పక్క కుర్చీ అతనిదే అయింది. “నేను తుమ్మితే యూరప్‌లో గుండె ఆపరేషన్లు ఆగిపోతాయ్” అని పబ్బులో రోజూ చెప్పేవాడు.

ఆ కుర్చీ కిందికి నీళ్లు తేవడానికే అన్నట్టు డబ్లిన్ నుంచి ఓర్లా దిగింది. సాఫ్ట్‌వేర్‌ని ఎవరైనా వాడగలిగేలా తిరగరాయించడం ఆమె పని. ‘ఎవరైనా’ అన్న మాట వినగానే కోల్మన్‌కి కిటికీ మసకబారింది.

పక్కనే కూర్చుని ఆమె అతని ప్రతి కదలికా గమనించేది.

“గాలి నిండేటప్పుడు అలా ఆగారేం?”

ఆవలింత ఆపుకున్నానని ఎలా చెప్తాడు?

“ఊపిరి బిగపట్టానమ్మాయ్! ఆ బెలూన్ పొర నీ కనురెప్ప కన్నా పల్చన. మనం ఊపిరి వదిలామా, గేజీలో ముల్లు వణికిపోతుంది. మా నాన్న పడవలో గట్టిగా నిట్టూరిస్తే చేపలన్నీ ఐస్‌లాండ్ దాకా పరిగెత్తేవి.”

“అందరూ బిగపట్టగలరా?”

“అబ్బే! నా ఒక్కడి వల్లే అవుతుంది. రాసుకో!”

ఆమె రాసుకుంది. చదువుకున్నవాళ్లతో ఇదే చిక్కు, కోతల్ని కూడా శ్రద్ధగా వింటారు.

కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఒకటే తెర, ఒకటే పచ్చ మీట, చంటిపిల్లాడైనా నొక్కేలా. మీటకు ముందు మాత్రం ఒక ప్రశ్న: ‘ఊపిరి బిగపట్టారా?’

లైన్లో పనిచేసేవాళ్లంతా పగలబడి నవ్వారు. కోల్మన్ సూపర్‌వైజర్ నోరా దగ్గరికి పరిగెత్తాడు.

“ఇదేంటి నోరా?”

“నీ పుణ్యమే నాయనా! తీసేయమని పెద్దల్ని అడిగాను. రోగి ప్రాణం సంగతి కదా, తీసేస్తే ఏం కాదని సంతకం పెట్టే మొనగాడు దొరకలేదు. ఉంచడానికైతే అందరూ ఎగబడ్డారు. మీట నొక్కడం ఇప్పుడు అందరికీ వచ్చు, రేపట్నుంచి నిన్ను రాత్రి షిఫ్టుకి వేద్దామనుకున్నా. కానీ బిగపట్టడం నేర్పేవాడు పగలు ఉండాలిగా? లేకపోతే అదంతా కోతేనంటావా? చెప్పు, అదే రాసి పంపుతా, తీసేస్తారు.”

కోతే అంటే కుర్చీ పోతుంది, పబ్బులో పరువు పోతుంది. కాదంటే పోయేది ఊపిరి ఒక్కటే.

“కోతా? చూడు!” అంటూ కోల్మన్ కుర్చీలో కూర్చుని బుగ్గలు పూరించాడు.

“ఓయ్ కోల్మన్, చేపలెటు పోతున్నాయ్?” అని వెనకనుంచి ఎవరో అరిచారు.

మొహం కందగడ్డ అయింది. అదిరిపోయే జవాబు నాలుక చివరే ఉంది. నోరు తెరవడానికి మాత్రం లేదు.