ఆవు ఒప్పుకోవలసిన ఇల్లు

నాకు బెజవాడ బదిలీ అయ్యాక తిరువూరులో మా ఇల్లు అమ్మకానికి పెట్టాను. భార్యా పిల్లలు అప్పటికే బెజవాడలో, మా బావమరిది ఇంట్లో ఒక్క గదిలో సర్దుకుంటున్నారు. ఇది అమ్ముడైతే గానీ మాకక్కడ వేరే కాపురం లేదు. డెబ్బైల్లో మా ఊళ్లో ఇళ్ల ధరలు పెరుగుతున్నాయి. మామిడితోటల రైతులూ మిల్లుల వాళ్లూ బస్టాండు చుట్టూ జాగా కోసం పోటీ పడుతున్నారు. మా ఇంటికి వచ్చినవాళ్లు మాత్రం వచ్చినట్టే పోతున్నారు.

కారణం పక్కింటి పెద్దాయన. వచ్చిన ప్రతివాణ్నీ అరుగు మీద కూర్చోబెట్టి ఊరి చరిత్ర చెప్పేవాడు. "ఇది ఒకప్పుడు బందెలదొడ్డండి. చేలో పడ్డ పశువుల్ని తెచ్చి ఇక్కడే కట్టేసేవాళ్లు. ఎన్ని గోవులు ఏడ్చాయో."

మూఢనమ్మకాల మీద సభల్లో గొంతు చించుకునేవాణ్ని నేను. ఈ కట్టుకథ సంగతి తేల్చేద్దామని కరణం దగ్గర పాత పటం తీయించాను. పెద్దాయన చెప్పింది అక్షరాలా నిజం. సత్యం పక్షాన నిలబడ్డవాణ్ని కనక, ఆపైన అడిగినవాళ్లకి ఆ మాట నేనే చెప్పవలసి వచ్చింది.

చివరికి ఒక బియ్యం మిల్లు యజమానికి, దొడ్డి సంగతి విన్నాక కూడా, ఇల్లు నచ్చింది. "ఆవు గడప దాటితే అప్పుడే అడ్వాన్సు మాస్టారూ. దాటకపోతే లేదు" అన్నాడు. మర్నాడు పొద్దున ఆవును తోలుకొచ్చాడు.

అది గడప దగ్గర ఆగింది. లోపలికి చూసి వెనక్కి తగ్గింది. తోక మెలిపెట్టినా కదల్లేదు.

"దానికి గుర్తుంది" అన్నాడు పెద్దాయన గోడ మీదుగా.

"ఎప్పటి దొడ్డో ఈ నాలుగేళ్ల ఆవుకెలా గుర్తుంటుందండీ?" అన్నాను.

"వాళ్లమ్మ చెప్పుంటుంది."

అమ్మకం కోసం మెరుగు పెట్టించిన ఎర్రగచ్చు అద్దంలా మెరుస్తోంది. అడుగేస్తే జారుతుందని ఆవుకి తెలిసింది, అంతే. కారణం కాళ్ల దగ్గరే ఉంటే పూర్వకాలంలో వెతుకుతారేంటని నేను మండిపడ్డాను. ఎవరూ వినలేదు. యజమాని ఆవును వెనక్కి తిప్పుతున్నాడు.

కాఫీ తాగి వెళ్లమని ఆయన్ని అరుగు మీద కూర్చోబెట్టాను. గచ్చు మీద గోనెలు పరిచాను. ఎదురింట్లో అడిగిన బుట్టెడు తవుడు దొడ్డిదారిన తెచ్చి వంటింట్లో పెట్టాను. ఈసారి ఆవు పెళ్లివారి ఆడపడుచులా తిన్నగా వంటింట్లోకి నడిచింది. యజమాని చెంపలు వేసుకుని జేబులో చెయ్యి పెట్టాడు.

ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేకపోయాను. "లోపల తవుడు పెట్టింది నేనండి. దానికోసం వచ్చింది."

ఆయన చెయ్యి జేబులోనే ఉంచి అడిగాడు. "మీరు దేవుణ్ని నమ్మరని విన్నాను?"

"నమ్మను."

"అలాంటి మీ చేత గోవుకి తవుడు పెట్టించిందంటే, ఈ స్థలం మామూలుది కాదు మాస్టారూ" అని నోట్లు నా చేతిలో పెట్టాడు.

అవి పట్టుకునే అరగంట వాదించాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. అంతా అయ్యాక, "మరి రిజిస్ట్రేషనుకి బుధవారం మంచిదా, శుక్రవారమా?" అని నన్నే అడిగాడు.

ముందొచ్చేది బుధవారం. ఒక్క గదిలో నలుగురు పడుకునే నా వాళ్లు గుర్తొచ్చారు.

"బుధవారం చాలా మంచిదండి" అన్నాను.