నాయన చేతి తూకం

కంప్యూటర్ కొనాలని తిరిగిన ఆ నెలలో నేను ఒక్క పూట కూడా కుదురుగా లేను. గద్వాలలో మాది మోటార్ వైండింగ్ దుకాణం. పొలాల్లో కాలిపోయిన బోరు మోటార్లు మా దగ్గరికి వస్తాయి. నాయన వాటికి కొత్త తీగ చుడతాడు, నేను బిల్లులు రాసి ఫోన్లు ఎత్తుతాను. ఆ నెల ఎత్తిన ఫోన్లకంటే చూసిన వీడియోలే ఎక్కువ. పొద్దున ఒక ప్రాసెసర్ ఖాయం చేసుకుంటే, మధ్యాహ్నానికల్లా అది దండగని ఎవడో ఒకడు వీడియోలో చెప్పేవాడు. మదర్‌బోర్డు మారిస్తే ర్యామ్ మార్చాలి. ర్యామ్ మారిస్తే గ్రాఫిక్స్ కార్డుకు డబ్బు తగ్గుతుంది. బిల్లు పుస్తకం వెనక పేజీలు నా కొట్టివేతలతో నిండిపోయాయి. మూడేళ్లుగా ఎవరెవరో గేములు ఆడుతుంటే ఫోన్లో చూసి సరిపెట్టుకున్నదాన్ని, ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో నేనే ఆడబోతున్నాననే సరికి అన్నం కూడా నిలబడే తినేదాన్ని.

"గేములకు గింత పరేషాన్ ఏందే? పెండ్లి సంబంధానికి సుత గిన్ని ఎంక్వైరీలు చెయ్యరు" అని అమ్మ విసుక్కునేది.

నాయన మాత్రం తన పని తాను చేసుకునేవాడు. షుగర్ వల్ల ఆయనకు చూపు మందగించింది. పని నడిచేది చేతి మీదే. ఒకసారి మానవపాడు రైతు ఒకాయన, వేరేచోట తీగ చుట్టించిన మోటారు మళ్లీ కాలిపోయిందని తెచ్చాడు. నాయన తీగ విప్పి, కట్టను అరచేతిలో రెండుసార్లు ఎగరేసి, "గిది తేలికగున్నది, వట్టి రాగి కాదన్నా, అల్యూమినియం కలిపిండ్రు" అన్నాడు. గీకి చూస్తే అదే నిజం. అప్పటినుంచి ఆ రైతు ఊరివాళ్లందరికీ మా దుకాణమే చెబుతాడు. కళ్లు పోతున్న మనిషికి ఆ చెయ్యే ధైర్యం. ఇంట్లో అందరికీ తెలుసు ఆ సంగతి.

చివరికి నాయనా నేనూ వనపర్తి బస్సెక్కాం. బస్సులో కూడా జాబితా రెండుసార్లు మార్చాను. కంప్యూటర్ దుకాణంలో అన్నీ కుదిరాక పవర్ సప్లై మిగిలింది. గోడ కరెంటును లోపలి భాగాలకు సరిపడేలా మార్చి పంచే పెట్టె అది. దుకాణదారుడు రెండు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒకటి మంచిదని నేను చదివి తెలుసుకున్నదే, తేలికగా ఉంది. రెండోది బరువుగా ఉంది, ఎప్పుడూ వినని పేరు, కానీ చౌక. నాయన చెరో చేత్తో ఎత్తి చూశాడు.

"గీ బరువుది తీస్కో బిడ్డా. లోపల సరుకుంది. అది ఉత్త డబ్బా."

బరువు చూసి మోసపోవద్దని అంతకు వారం ముందే ఒక వీడియోలో విన్నాను. ఆ మాట నోటిదాకా వచ్చింది. కానీ చౌకది తీసుకుంటే మిగిలే డబ్బుతో ఇంకో మెట్టు పై గ్రాఫిక్స్ కార్డు వస్తుంది. ఎప్పుడెప్పుడు ఇంటికి వెళ్లి బిగిద్దామా అని నా కాళ్లు ఆగడం లేదు. "సరే నాయనా, నువ్వు చెప్పినట్టే" అన్నాను. ఆయన ఎంత సంతోషపడ్డాడో!

పది రోజులు బాగానే ఆడాను. తర్వాత ఆట మంచి పట్టులో ఉండగా కంప్యూటర్ టప్పున ఆరిపోవడం మొదలైంది. కారణం వెతుకుతూ వెతుకుతూ చివరికి ఆ పెట్టె మీదికి వచ్చాను. ప్లగ్ తీసి, లోపల నిలిచిన కరెంటు పోయేదాకా ఒక పూట ఆగాను. అంతకంటే ఆగడం నా వల్ల కాలేదు. విప్పితే లోపల నాలుగు నాసిరకం ముక్కలు, వాటి పక్కన స్క్రూలతో బిగించిన ఇనుప పలక. బరువు కోసమే పెట్టారు దాన్ని, ఇంకెందుకూ కాదు.

కోపంతో ఒళ్లు తెలియలేదు. మా దుకాణంలోకి వెళ్లి ఆ పలకను నాయన ముందు బల్ల మీద పడేశాను.

"చూడు నీ చెయ్యి చేసిన పని! గీ ఇనుప ముక్కను చూసే సరుకున్నదన్నవ్. తెల్వకుంటే ఊకుండాలె గదా!"

నాయన దాన్ని తడిమి చూశాడు. చేతిలోకి తీసుకున్నాడు, ఎగరేయలేదు. "నాకు తెల్వలే బిడ్డా" అన్నాడు. అంతే.

నాలుగు రోజుల్లో ఆ తేలిక పెట్టే తెచ్చి బిగించాను. ఇప్పటికీ అదే నడుస్తోంది.

తర్వాతి వారం ఎవరో రైతు పాత తీగ కట్ట అమ్మడానికి తెచ్చాడు. నాయన అందుకున్నాడు, ఒక్క క్షణం పట్టుకున్నాడు, ఎప్పటిలా బరువు చెప్పకుండా మూలనున్న కాటా మీద పెట్టాడు.

"బిడ్డా, జర వచ్చి చూడు, ఎంతున్నదో."

"ఏందన్నా, నీ చెయ్యుండంగ కాటా ఎందుకు?" అని రైతు నవ్వాడు.

"చేతిదేమున్నదిలే. కాటాదే నమ్మాలె" అన్నాడు నాయన.

నాకు తల కొట్టేసినట్టయింది. ఇప్పుడు ప్రతి కట్టకూ పిలుస్తాడు. తేలికదే మంచిదని వనపర్తిలోనే నాకు తెలుసని, తెలిసీ ఊరుకున్నానని చెప్పేద్దామనుకుంటూ ప్రతిసారీ లేచి వెళతాను. కాటా మీది అంకె చదివి, వచ్చి కూర్చుంటాను.