వంటషెడ్డులో వేలాడిన సర్టిఫికెట్

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లేదన్న సంగతి నాకొక్కడికే తెలుసు. మిగతా లోకానికి కూడా తెలియాలి కదా అని సర్టిఫికెట్లు సంపాదించేవాణ్ణి. మర్రిగూడ దగ్గర ఒక చిన్న ఊరి ప్రాథమిక పాఠశాలలో ఉద్యోగం వచ్చి రెండేళ్లయింది. కరోనా తగ్గి బడులు మళ్లీ తెరుచుకున్నాయి గానీ, ఫోన్లోకి వెళ్లిన ఉపాధ్యాయ శిక్షణలు మాత్రం తిరిగి బయటకు రాలేదు. అంతకుముందు శిక్షణ అంటే మండల కేంద్రంలో ఒక హాలు, పదకొండింటికి చాయ్, మిర్చి బజ్జీ, మధ్యాహ్నం ఒక కునుకు, సాయంత్రం ఒక సంతకం. ఇప్పుడు అదే శిక్షణను ఎవరి చాయ్ వాళ్లే కాచుకుని ఇంట్లో కూర్చుని వినాలి. పెద్ద సార్లంతా ఇది అన్యాయమన్నారు. నేను అవకాశమన్నాను (ఆ మాట అప్పట్లో రోజుకు పదిసార్లు వాడేవాణ్ణి).

తరగతి గదిలో సాంకేతికత, ఆన్‌లైన్ పాఠానికి ముందు, ఆన్‌లైన్ పాఠానికి తర్వాత - ఇలా పదకొండు కోర్సులు పూర్తి చేశాను. మధ్యలో లేచి వెళ్తే వీడియో మళ్లీ మొదటికొచ్చేది కాబట్టి అన్నం కూడా దాని ముందే తిన్నాను. పదకొండు సర్టిఫికెట్లనూ లామినేషన్ చేయించి ఆఫీసు గదిలో వరసగా తగిలించాను. మా హెడ్మాస్టర్ సారుకు రిటైర్మెంటు రెండేళ్ల దూరంలో ఉంది. తెలియని వస్తువు జోలికి పోనందువల్లే ఇన్నేళ్లూ ఉద్యోగం మచ్చ లేకుండా గడిచిందని ఆయన నమ్మకం. "తమ్మీ, నీ చెయ్యి ఎట్లాగూ ఆడుతాంది గద, జర నాది గూడ నువ్వే చేసెయ్" అని తన ఫోను నా చేతికిచ్చేవారు. అలా ఆయనకు కూడా నాలుగు సర్టిఫికెట్లు వచ్చాయి. ఒకదాంట్లో నాకంటే రెండు మార్కులు ఎక్కువ కూడా వచ్చాయి. ఆ సంగతి ఆయన అందరికీ చెప్పేవారు.

బడిలో నా విద్వత్తును లెక్కచేయని మనిషి ఒక్కతే. మధ్యాహ్న భోజనం వండే నర్సవ్వ. అరవై దాటిన మనిషి. ఆమెకో పట్టింపు ఉండేది. బడికి ఏ కొత్త వస్తువు వచ్చినా బొట్టు పెట్టనిదే వాడనిచ్చేది కాదు. అన్నం వండే కొత్త గుండిగకు పెట్టింది, బోరు మోటారుకు పెట్టింది, హాజరు పట్టీకి పెట్టింది. నేను ఉద్యోగంలో చేరిన రోజున గేటు దగ్గరే ఆపి నాక్కూడా పెట్టింది. నన్ను సామాను కింద జమకట్టిందా, మనిషి కిందనా అని అడగలేదు.

పన్నెండో కోర్సు దగ్గర అసలు కథ మొదలైంది. దాని చివర్లో ప్రత్యక్ష పాఠం ఒకటి చెప్పాలి. హైదరాబాదు నుంచి ఒక మేడం ఫోన్లో చూసి మార్కులేస్తుంది. మండలంలో ఎవరి పాఠం బాగుంటే వాళ్ల బడికి డిజిటల్ తెర ఇస్తారు. మండలం మొత్తానికి ఒకటే తెర. ఆ ముక్క చదివిన రోజే పిల్లలకు చెప్పేశాను. గెలవకముందే చెప్పకూడదని పదకొండు కోర్సుల్లో ఎక్కడా లేదు. ఐదో తరగతి లీడరమ్మ వెంటనే చాక్‌పీసు తీసుకుని, బల్లెక్కి, గోడ మీద రెండు బారల డబ్బా గీసింది. "గీడనే పెట్టాలె సార్. గీ గోడకు ఎవ్వలు ఆనుకోవద్దు" అని హుకుం జారీ చేసింది. ఆ రోజు నుంచి ముప్పై ఒక్క మంది పిల్లలూ ఆ ఖాళీ డబ్బా వైపు తిరిగి కూర్చునేవారు. అందులో ఏం కనబడుతుందో వాళ్లలో వాళ్లు చెప్పుకునేవారు కూడా.

నర్సవ్వ కూడా గరిటె పట్టుకుని వచ్చి ఆ డబ్బాను చూసింది. "గిండ్ల ఏమవుపడ్తది సారూ?"

"అన్నీ అవ్వా. పులులు, విమానాలు, సముద్రం."

"సముద్రమా? నందికొండ డ్యాం కాడ నీళ్లు సూసిన నేను. గంతకంటె ఎక్కువుంటయా?"

"గంతకంటె చానా ఎక్కువ."

"గిట్ల మోసేటోళ్లే లేకుంట గన్ని నీళ్లా!" అని కాసేపు నిలబడి వెళ్లిపోయింది. మంచినీళ్ల కోసం ఏళ్ల తరబడి బిందె మోసిన ఊరు అది. ఆ మాట నాకప్పుడు నవ్వులాటగా వినిపించింది. ఇప్పుడైతే నవ్వు రావడం లేదు.

పాఠం రోజు రానే వచ్చింది. నేను ఎంచుకున్నది 'మన నేలలు'. మూడు పళ్లేల్లో ఎర్ర చెల్క మట్టి, నల్లరేగడి, ఇసుక పెట్టాను. కొత్త ఫోను, కొత్త స్టాండు కొన్నాను. ఫోను వెనక కెమెరాయే వాడాలని నాలుగో కోర్సులో గట్టిగా చెప్పారు కాబట్టి తెర అటువైపు తిరిగి ఉంటుంది, నాకు కనబడదు. అందుకని హెడ్మాస్టర్ సారును ఫోను వెనక కుర్చీలో కూర్చోబెట్టి, ఏమైనా తేడా వస్తే చెయ్యెత్తమని చెప్పాను. "ఫికర్ జెయ్యకు తమ్మీ, రెప్ప గొట్టకుంట సూస్త" అన్నారు. అంతలో నర్సవ్వ కుంకుమ భరిణె పట్టుకుని వచ్చింది.

"కొత్త సామాను గద సారూ, జర బొట్టు పెడ్త."

అసలే టెన్షన్‌లో ఉన్నాను. నాకు ఒళ్లు మండింది. పిల్లలందరి ముందూ పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. ఇది సైన్సు అనీ, బొట్లతో నడవదనీ చెప్పి, మనం ఎప్పుడు మారతామని అడిగాను. నర్సవ్వ భరిణె మూత పెట్టింది. "మంచిది సారూ" అన్నది. పిల్లలు నీళ్లు తాగడానికి, హెడ్మాస్టర్ సారు చాయ్ తాగడానికి లేచారు. నేను మొహం కడుక్కుని చొక్కా మార్చుకోవడానికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి ఆమె లేదు.

అర్ధగంట పాఠం చెప్పాను. నా జన్మలో అంత బాగా చెప్పలేదని ఆ అర్ధగంటా అనుకుంటూనే ఉన్నాను. మొదటి నిమిషంలోనే హెడ్మాస్టర్ సారు కళ్లు పెద్దవి చేసి ఫోను మీదికి వంగారు. నన్ను చూశారు, ఫోనును చూశారు, మళ్లీ నన్ను చూశారు. ఆ తర్వాత ఆయన ముఖంలో అంతకుముందెన్నడూ లేని గౌరవం కనిపించింది. చెయ్యి మాత్రం ఎత్తలేదు. నా బోధన ఆయన్ను కదిలించిందనుకుని నేను గొంతు ఇంకాస్త పెంచాను.

పాఠం అయ్యాక మేడం గొంతు వినిపించింది. "చాలా బాగుంది సర్. పాఠమంతా ఎర్రమట్టి రంగులో చూపించడం కొత్తగా ఉంది. మీ ఆలోచనేనా?" ఆమె ఏం అంటోందో నాకు ముక్క అర్థం కాలేదు. కానీ మెచ్చుకునేటప్పుడు అడ్డం మాట్లాడకూడదని ఏడో కోర్సులో నేర్చుకున్నాను. "అవును మేడం" అన్నాను.

అందరూ బయటకు వెళ్లాక ఫోను ఆపి చూస్తే విషయం తెలిసింది. కెమెరా గాజు మీద సగం, పక్కన సగం పడేటట్టు నూనెలో తడిపిన కుంకుమ బొట్టు. ఫోనుకు ముఖమంతా తెరే కదా, వెనక వైపున్న కన్నే నుదురులాగా తోచి ఉంటుంది ఆమెకు. నేను, పిల్లలు, పళ్లేలు, నల్లరేగడి కూడా అర్ధగంట సేపు ఎర్రగా కనిపించామన్నమాట. అటూ ఇటూ చూసి, ఎవరూ లేరనుకుని, చేతి రుమాలుతో గబగబా తుడిచి జేబులో కుక్కుకున్నాను.

వారం తర్వాత ఫలితం వచ్చింది. తెర మా బడికే. నాకు 'ఉత్తమ దృశ్య రూపకల్పన' అని బంగారు అంచున్న సర్టిఫికెటు. పిల్లలు బెంచీలెక్కి గంతులేశారు. ఆరోజు సాయంత్రమే మేడంకు ఫోను చేసి నిజం చెబుదామనుకున్నాను. నెంబరు కూడా తీశాను. గోడ మీద డబ్బా కనిపించింది. నిజం చెబితే తెర పోతుంది, ఆ పిల్లలకు ఏం జవాబు చెప్పాలి అనుకుని ఫోను పెట్టేశాను. (ఇది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, అప్పటికే నాకు నలభై అభినందన సందేశాలు వచ్చి ఉన్నాయి.)

దాచిన అబద్ధం దాచినట్టు ఉండదు కదా. మండల అధికారి సారు నన్ను పిలిచి, ఆ ఎర్ర రంగు మెళకువ మిగతా టీచర్లకు నేర్పమన్నారు. పాత హాలే, పాత చాయే, బజ్జీలు కూడా వచ్చాయి. నలభై మంది నోట్‌బుక్కులు తెరిచి కూర్చున్నారు. దీనికి ఒక యాప్ ఉంటుంది అని మొదలుపెట్టాను. ముందు వరసలో ఉన్న పెద్ద టీచరమ్మ కళ్లద్దాలు సర్దుకుని, "ఆ యాప్ పేరేంది సార్?" అనడిగింది. నా బుర్రలో ఆ క్షణాన ఒకటే పేరుంది. నోటి నుంచి అదే వచ్చింది.

"నర్సవ్వ."

నలభై మందీ రాసుకున్నారు. నలభై ఫోన్లు వెతకడం మొదలుపెట్టాయి. "వస్తలేదు సార్" అని వెనక నుంచి ఒక లెక్కల సారు. "కొత్తది సార్, జర టైం పడ్తది" అన్నాను. "మా బడి పక్కింట్ల గూడ ఒక నర్సవ్వ ఉంది" అని ఇంకొకాయన మెల్లగా అన్నారు. ఎవరూ నవ్వలేదు. శిక్షణలో నవ్వే అలవాటు మాకు లేదు. నేనొక్కణ్ణే చెమటలు తుడుచుకుంటూ రుమాలు తీశాను. దాని మీద ఎర్ర మరక ఇంకా పోలేదు.

నెల తిరిగేసరికి తెర వచ్చింది. లీడరమ్మ గీసిన డబ్బాలో సరిగ్గా, చుట్టూ కొయ్య చట్రం కట్టి బిగించారు. పిల్లలు, హెడ్మాస్టర్ సారు, నేను అందరం ముందు నిలబడ్డాం. కొబ్బరికాయ ఉంది. బొట్టు లేదు. చూస్తే నర్సవ్వ గుమ్మం అవతల చేతులు కట్టుకుని నిలబడి ఉంది. భరిణె కూడా తేలేదు.

"రా అవ్వా, బొట్టు పెట్టు" అన్నాను.

"నువ్వు వద్దంటివి గద సారూ. సైన్సంటివి."

ఇక నావల్ల కాలేదు. పిల్లల ముందు తిట్టినవాణ్ణి, పిల్లల ముందే చెప్పాను. ఆ రోజు ఫోను మీద బొట్టుందనీ, మార్కులన్నీ ఆ బొట్టుకేననీ, నేను దాచిపెట్టాననీ చెప్పాను. హెడ్మాస్టర్ సారు మాత్రం తాపీగా, "నాకు మొదటి నుంచి ఎర్రగనే అవుపడ్డది తమ్మీ. గదే టెక్నాలజీ అనుకున్న" అన్నారు.

నర్సవ్వ చీర కొంగుతో చేతులు తుడుచుకుంది. "నాకెర్కనే సారూ. నువ్వు రుమాలుతోని తుడుస్తుంటె కిటికీల కెల్లి సూసిన. చెప్తవా చెప్పవా అని గిన్ని దినాలు సూస్తున్న." ఆ మాటలో కోపమేమీ లేదు. అందుకే నాకు ఎక్కడికైనా పారిపోవాలనిపించింది.

లీడరమ్మ పరుగెత్తి వంటషెడ్డు నుంచి భరిణె తెచ్చింది. "యాడ పెట్టాలె సారూ?" అని నర్సవ్వ నన్నే అడిగింది. "నీ ఇష్టం అవ్వా" అన్నాను. తెరకు నాలుగు మూలలూ చూసి, పైన కొయ్య చట్రం మీద, ఎక్కడా అడ్డం రాకుండా పెట్టింది. అప్పుడు సముద్రం వేశాం. ఆమె కింద కూర్చుని, చాలాసేపు చూసి, "గిన్ని నీళ్లుండి తాగనీకి పనికి రావా?" అని అడిగింది. పిల్లలకు ఆరోజు అదే పాఠం.

మర్నాడు మేడంకు కూడా ఫోను చేసి అంతా చెప్పాను. తెర తీసుకుపోవద్దనీ, కావాలంటే నా సర్టిఫికెటు రద్దు చేయమనీ బతిమాలాను. ఆమె, "తెర ఉండనివ్వండి సర్. సర్టిఫికెటు మీద పేరు మార్చడానికి మాత్రం ఆన్‌లైన్లో వీలు లేదు" అన్నారు. అందుకని ఆ బంగారు అంచు కాగితాన్ని లామినేషన్ చేయించకుండానే తీసుకెళ్లి వంటషెడ్డులో పొయ్యి పక్కన మేకుకు తగిలించాను. నర్సవ్వకు చదువు రాదు. దానికి దండం పెట్టలేదు, వద్దనీ అనలేదు. మేకు పెద్దదే కాబట్టి గరిటె కూడా దానికే తగిలించింది.

తర్వాత నాకు అమ్రాబాద్ వైపు బదిలీ అయింది. కోర్సులు చేయడం మానలేదు గానీ గోడకు తగిలించడం మానేశాను. మొన్న ఆ దారిన పోతూ పాత బడిలో ఆగాను. తెర పనిచేస్తోంది, చట్రం మీద పాత బొట్టు ఎండి ఉంది. వంటషెడ్డులో సర్టిఫికెటు కట్టెల పొగకు నల్లబడి, 'ఉత్తమ' అన్న మాట తప్ప ఏమీ కనబడటం లేదు. నా పేరున్న చోట సరిగ్గా గరిటె ఊగుతోంది. నేను దాన్నే చూస్తున్నానని నర్సవ్వ గమనించింది. నడుం పట్టుకుని మెల్లగా లేచి, కొంగు చేతిలోకి తీసుకుంది.

"తుడువమంటవా సారూ?"

"వద్దవ్వా" అన్నాను. "ఉండనియ్."